ముందు కాగితం, తరువాత కంప్యూటరు



గేదెను కొనేటప్పుడు మన పెద్దలు ఏమి చేసేవారు? కొమ్ములకు పూసిన రంగు చూచి కొనేవారు కారు. పళ్ళు చూచేవారు, పొదుగు చూచేవారు, రెండు పూటలా దగ్గరుండి పాలు పితికించి చూచి, అప్పుడు బేరమాడేవారు. ఆ పెద్దల బిడ్డలమైన మనము కంప్యూటరు కొట్టుకు వెళ్ళేసరికి మాత్రం, రంగురంగుల దీపాలు వెలిగే పెట్టెను చూచి తల ఊపి వచ్చేస్తున్నాము. ఈ నెల ఆ సంగతే మాట్లాడుకుందాము.

2024 ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం ఒక రైతు, ఆయన భార్య, కొడుకు మా ఇంటి అరుగు మీదికి వచ్చి కూర్చున్నారు. ఆయన కౌలుకు తీసుకుని మిర్చి వేస్తాడు. గుంటూరు యార్డులో కాయ అమ్మి, కౌలు కట్టి, పురుగుమందుల కొట్టు బాకీ తీర్చగా మిగిలిన దానిలో యాభై వేలు కొడుకు కంప్యూటరు నిమిత్తం పక్కన పెట్టాడు. అబ్బాయి బి.టెక్. మొదటి సంవత్సరం. "చదువుకు కావాలి అయ్యగారూ, ఆటలు కూడా ఆడుకుంటాను" అని దాచకుండా చెప్పాడు. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

అబ్బాయి చేతిలోని కాగితంలో మొత్తం 75,000 రూపాయలు. తండ్రి అన్నాడు: "తక్కువ పడిన పాతిక వేలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తానండీ. ఒక్కగానొక్కడు, కాదనలేకపోతున్నాను." తల్లి అంది: "అప్పెందుకండీ? పట్నంలో ఒక కొట్టువాళ్ళు ఐ7 గేమింగ్ కంప్యూటరు ఇరవై ఎనిమిది వేలకే ఇస్తామన్నారు. అది తెచ్చుకుంటే పోదా?"

ఒక దారిలో అప్పు, ఇంకొక దారిలో చవక. రెండూ ప్రేమతో అన్న మాటలే. అయినా రెండింటినీ పరీక్షించి చూడవలసి ఉన్నది. కంప్యూటర్లలో నాకు పట్టా ఏమీ లేదు గాని, మా ఆఫీసు కంప్యూటరును విప్పి బిగించుకున్న అనుభవం కొంత ఉన్నది. కాబట్టి నలుగురమూ కూర్చుని లెక్క మొదలుపెట్టాము.

చవక పెట్టెలో ఏమున్నది?

మొదట ఆ ఇరవై ఎనిమిది వేల పెట్టె సంగతి. కొట్టువాళ్ళు ఇచ్చిన చీటీ మీద "ఐ7, 16 జి.బి. ర్యామ్, 4 జి.బి. గ్రాఫిక్స్" అని ఉన్నది. వినడానికి ఎంత ఘనంగా ఉన్నది! కాని ఐ7 అన్నది ఇంటిపేరు వంటిది. ఆ ఇంటిలో తాత ఉన్నాడు, మనవడూ ఉన్నాడు. ఏ తరం వాడో చెప్పేది దాని వెనుకనున్న అంకె. అబ్బాయి చేత ఫోను చేయించి అడిగితే అది ఐ7 2600 అని తేలింది. 2011లో వచ్చిన ప్రాసెసర్ అది! దానికి నాలుగు కోర్లు. 2022లో వచ్చిన ఐ3 12100 కూ నాలుగు కోర్లే, కాని పనిలో ఈ చిన్నది ఆ పెద్దదానిని చాలా దూరం వెనుక వదిలిపోతుంది. అంతేకాదు, విండోస్ 11 ను నడపడానికి ఇంటెల్ ప్రాసెసర్లలో ఎనిమిదవ తరం గాని, ఆ తరువాతది గాని కావాలని మైక్రోసాఫ్ట్ నియమం. విండోస్ 10 కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగుస్తుందని అప్పటికే ప్రకటించారు, అలాగే ముగిసింది కూడా.

ఇక ఆ 4 జి.బి. గ్రాఫిక్స్ అన్నది 2014లో వచ్చిన జి.టి. 730 కార్డు. కార్డు మీది జి.బి. దాని బలం కాదు, అది గాదె వంటిది. గాదె పెద్దదైనంత మాత్రాన పొలం పెద్దది కాదు గదా! నేటి ఆటలను మోసే శక్తి ఆ కార్డుకు లేదు. ఆ ఇరవై ఎనిమిది వేలు ముసలి ఎద్దుకు కొత్త గంటలు కట్టిన ఖరీదు. తల్లి నిట్టూర్చి, "బాగయింది, అడిగాము" అంది.

అబ్బాయి కాగితంలో ఏమున్నది?

అబ్బాయి పాపం వారం రోజులు కష్టపడి రాసుకున్నాడు. అయినా దానిలో నాలుగు లోపాలు కనబడ్డాయి. ఇవి చాలామంది పిల్లలు చేసేవే గనుక వివరంగా చెబుతాను.

ఒకటి, జత కుదరకపోవడం. మదర్‌బోర్డు డి.డి.ఆర్. 4 రకం రాశాడు, ర్యామ్ డి.డి.ఆర్. 5 రాశాడు. ఒకదాని గాడి ఇంకొకదానికి సరిపడదు, ఎంత నొక్కినా దిగదు. అలాగే ప్రాసెసర్ కూర్చునే గూడు కూడా కంపెనీని బట్టి, తరాన్ని బట్టి మారుతుంది. ఎ.ఎం.డి. వారి ఎ.ఎం.4 గూటిలో డి.డి.ఆర్. 4 మాత్రమే పనిచేస్తుంది. 2022లో వచ్చిన ఎ.ఎం.5 గూటిలో డి.డి.ఆర్. 5 మాత్రమే. ఇంటెల్ వారి 12, 13, 14 తరాల ప్రాసెసర్లకు రెండు రకాల బోర్డులూ దొరుకుతాయి గనుక అక్కడ మరింత జాగ్రత్తగా చూడాలి.

రెండు, దీపాల పెట్టెకు ఆరు వేలు రాసి, కరెంటు అందించే ఎస్.ఎం.పి.ఎస్. కు ఎనిమిది వందలు రాశాడు. ఇంటికి రంగు వేసి పునాదిలో సిమెంటు తగ్గించినట్లు. అందరికీ కరెంటు పంచేది ఆ డబ్బానే. అది చెడితే తానొక్కటే పోదు, పక్కవాటిని కూడా తీసుకుపోవచ్చు.

మూడు, యు.పి.ఎస్. అన్న మాటే లేదు. మన ఊళ్ళలో కరెంటు ఎట్లా వస్తుందో, ఎట్లా పోతుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

నాలుగు, విండోస్ లైసెన్సు ఖర్చు లేదు. "కొట్టువాళ్ళు ఊరికే వేసి ఇస్తారండీ" అన్నాడు. ఊరికే వచ్చేది దొంగ కాపీ. ఒకరి కష్టాన్ని డబ్బివ్వకుండా వాడుకోవడం ఒక తప్పు. అటువంటి కాపీలతో పాటు వైరస్‌లు రావడం ఇంకొక నష్టం. డబ్బు లేని యెడల ఉబుంటు వంటి లినక్స్ ఉచితంగానే దొరుకుతుంది, చదువుకు బాగా సరిపోతుంది. కొన్ని ఆటలు మాత్రం దానిమీద నడవవు.

ఏ ఆట? ఆ ప్రశ్నే మొదటిది

అప్పుడు నేను అబ్బాయిని అడిగాను: "నాన్నా, నీవు ఆడే ఆటలేమిటి?" వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2, పాత జి.టి.ఎ. 5 అని చెప్పాడు. మొదటి రెండూ ఉచితంగా దొరికేవే. వాలరెంట్ 2020లో వచ్చింది, మామూలు కంప్యూటర్ల మీద కూడా నడిచేటట్లు దానిని తయారుచేశారు. జి.టి.ఎ. 5 కంప్యూటర్ల మీదికి వచ్చింది 2015లో. వీటికి అంత పెద్ద యంత్రం అక్కరలేదు.

పొలం ఎంతో తెలియకుండా మోటారు ఎంత హార్స్‌పవరో నిర్ణయించము గదా! ఆట పేరు తెలియకుండా గ్రాఫిక్స్ కార్డు నిర్ణయించడం అంతే.

ప్రాసెసర్లలో కొన్నిటి లోపలే బొమ్మను గీసే భాగం ఉంటుంది, కొన్నిటిలో ఉండదు. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర "ఎఫ్" అక్షరం ఉంటే ఆ భాగం లేదని అర్థం. విడిగా కార్డు పెట్టని యెడల తెర మీద ఏమీ కనబడదు. ఎ.ఎం.డి. వారి ఎ.ఎం.4 ప్రాసెసర్లలో పేరు చివర "జి" ఉన్నవాటికి ఆ భాగం ఉన్నది, కొంచెం బలమైనదే ఉన్నది. 2021లో వచ్చిన రైజెన్ 5 5600జి అటువంటిది. ఆరు కోర్లు. అబ్బాయి చెప్పిన ఆటలను బొమ్మ నాణ్యత తగ్గించుకుని దీనిమీద ఆడవచ్చు. డబ్బు కూడినప్పుడు విడి కార్డు చేర్చుకోవచ్చు.

దీనిలో ఒక లోటు ఉన్నది, అది కూడా అబ్బాయికి చెప్పాను. విడి కార్డు చేర్చిన తరువాత, "జి" లేని 5600 ప్రాసెసర్ దీనికంటె కొంచెం వేగంగా ఆటను నడుపుతుంది. ఎందుకంటే దానిలోని క్యాష్ 32 మెగాబైట్లు, దీనిలో 16 మాత్రమే. కొంత వదులుకుంటేనే అప్పు లేకుండా మొదలుపెట్టగలము. ఎంత వదులుకుంటున్నామో తెలిసి వదులుకుంటే తరువాత బాధ ఉండదు.

ఇంకొక ముఖ్య సంగతి. లోపలి గ్రాఫిక్స్‌కు వేరే గాదె లేదు, ర్యామ్‌లోనుండే వాడుకుంటుంది. కాబట్టి 16 జి.బి. ఒకే ముక్కగా కాక, 8 చొప్పున రెండు ముక్కలుగా పెట్టాలి. ఒక మోటతో తోడే బావికీ, రెండు మోటలతో తోడే బావికీ ఉన్నంత తేడా ఉంటుంది. బోర్డులో నాలుగు గాళ్ళు ఉంటే సాధారణంగా ప్రాసెసర్ వైపునుండి రెండవదానిలో, నాలుగవదానిలో పెట్టాలి. బోర్డుతో వచ్చే పుస్తకంలో చూచి నిర్ధారించుకోండి.

కొత్త కాగితం

ఇక ఆ కుటుంబం యాభై వేలకు రాసిన కొత్త కాగితం ఇది. 2024 ఏప్రిల్‌లో వారికి కుదిరిన ధరలివి. మీకు ఇవే ధరలు దొరుకుతాయని అనుకోవద్దు, పాళ్ళు గమనించండి చాలు.

ప్రాసెసర్ 11,500. మదర్‌బోర్డు 6,700. ర్యామ్ రెండు ముక్కలు 3,400. 500 జి.బి. ఎస్.ఎస్.డి. 3,300. ఎస్.ఎం.పి.ఎస్., 550 వాట్లు, 4,200. గాలి ఆడే జాలీ ముందున్న పెట్టె 2,500. మానిటర్ 6,500. కీబోర్డు, మౌస్ కలిపి 900. యు.పి.ఎస్. 2,900. విండోస్ 7,500. మొత్తం 49,400 రూపాయలు. ఆరు వందలు మిగిలాయి.

ఎస్.ఎం.పి.ఎస్. కు అంత ఎందుకు అని తండ్రి అడిగాడు. మంచి ప్రశ్నే. దాని లెక్క కూడా వేసి చూపించాను. ప్రాసెసర్ ఎక్కువలో ఎక్కువ 90 వాట్ల లోపు తీసుకుంటుంది. రేపు పెట్టదలచిన కార్డు ఆర్.ఎక్స్. 6600 అనుకుంటే దానికి 132 వాట్లు. బోర్డు, ఫ్యాన్లు, మిగతావి 50, 60. మొత్తం 300 దాటదు. 550 ఉంటే సుఖంగా మోస్తుంది. రేపు కార్డు కొన్ననాడు ఇది మార్చనక్కరలేదు. పెట్టె మీద 80 ప్లస్ అన్న గుర్తు చూడండి. కరెంటును వృథా చేయకుండా అందించగలదని పరీక్షించి ఇచ్చే గుర్తు అది. గుర్తుతో పాటు కంపెనీ పేరును, ఎన్నేళ్ళ వారంటీ అన్నదానిని కూడా చూడాలి.

మొదటి రోజే విడి కార్డుతో కొనదలచినవారికి ఒక మాట. మానిటర్, యు.పి.ఎస్. వంటివి పక్కన పెట్టి, పెట్టె వరకు అయ్యే ఖర్చులో మూడవ వంతుకు కొంచెం పైగా కార్డుకు, అయిదవ వంతు ప్రాసెసర్‌కు ఉంచితే జత కుదురుతుంది. ప్రాసెసర్‌కే అంతా పోసి కార్డు దగ్గర చేయి ముడిస్తే, కాడికి ఒకవైపు కోడెను, ఇంకొకవైపు దూడను కట్టినట్లే. బండి దూడ నడకనే నడుస్తుంది.

మన ఊళ్ళకు కావలసిన జాగ్రత్తలు

యు.పి.ఎస్. మీద వి.ఎ. అని రాసి ఉంటుంది, అది వాట్లు కాదు. 600 వి.ఎ. అని అమ్మేవి చాలావరకు 360 వాట్లే మోస్తాయి. వీరి పెట్టెకు కార్డు లేనంతకాలం అది చాలును. కార్డు పెట్టిననాడు 1000 వి.ఎ. కి మారాలి. ఆ ఖర్చు కూడా కాగితం వెనుక రాసి పెట్టుకున్నారు. యు.పి.ఎస్. ఉన్నది కరెంటు పోయాక ఆడుకోవడానికి కాదు, చేస్తున్న పని భద్రం చేసి యంత్రాన్ని ఆపుకోవడానికి.

ఇంటికి ఎర్తింగ్ ఉన్నదా? ఎన్నో ఇళ్ళలో మూడు రంధ్రాల ప్లగ్గు ఉంటుంది గాని మూడవ రంధ్రం వెనుక తీగ ఉండదు. పెట్టెను ముట్టుకుంటే జిల్లుమనడం దానికి గుర్తు. కంప్యూటరు తెచ్చేలోపే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ వేయించండి. ఇది యంత్రం కొరకు మాత్రమే కాదు, బిడ్డ ప్రాణం కొరకు.

పెట్టెను నేల మీద పెట్టవద్దు. ఊడ్చిన దుమ్మంతా అదే పీల్చుకుంటుంది. పల్నాడు ఎండలలో గోడకు ఆనించి, పైన గుడ్డ కప్పి నడిపితే వేడికి ఊపిరాడక వేగం తగ్గించుకుంటుంది. రెండు మూడు నెలలకొకసారి కరెంటు తీసివేసి, పక్క రేకు విప్పి, మెత్తని బ్రష్‌తో దుమ్ము దులపండి. ఫ్యాను రెక్క తిరగకుండా వేలు అడ్డం పెట్టి దులపాలి.

కార్డు ఉన్నవారు మానిటర్ తీగను కార్డుకే తగిలించాలి, బోర్డుకు కాదు. ఇరవై వేల కార్డు పెట్టి, తీగ బోర్డుకు తగిలించి, "వేగం లేదు" అని బాధపడినవారిని చూచాను.

కొనే చోట

సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి పెద్ద బజారుకు వెళ్ళగలిగితే నాలుగు కొట్లలో ధర అడగండి. అంత దూరం వెళ్ళలేని యెడల ఆన్‌లైన్‌లో ధర చూచుకుని దగ్గరి పట్నంలో బేరమాడండి. ఎక్కడ కొన్నా జి.ఎస్.టి. బిల్లు అడిగి తీసుకోండి. "బిల్లు లేకపోతే తగ్గిస్తాము" అంటే మీ వారంటీని మీరే అమ్ముకున్నట్లు. ప్రతి భాగమూ సీలు వేసిన పెట్టెలో ఉన్నదా, దాని నంబరు బిల్లు మీద ఉన్నదా చూడండి. ఖాళీ పెట్టెలు పారవేయవద్దు, అటక మీద దాచండి.

సెకండ్ హ్యాండ్ కార్డుల విషయంలో మెలకువ కావాలి. 2022 సెప్టెంబరులో ఎథీరియం అనే డిజిటల్ నాణెం తన పద్ధతి మార్చుకున్న తరువాత, రాత్రింబవళ్ళు దాని తయారీలో నలిగిన కార్డులు ఎన్నో బజారుకు వచ్చాయి. కొనదలిస్తే మీ ఎదుటే పావుగంట, అరగంట బరువైన ఆట ఆడించి చూడండి. పాత కార్డుకు కొత్త పేరు ఎక్కించి అమ్మేవారూ ఉన్నారు. జి.పి.యు. జెడ్ అనే ఉచిత ప్రోగ్రాముతో చాలావరకు అసలు పేరు బయటపడుతుంది.

ధరలు స్థిరంగా ఉండవు. 2025 చివరి నెలలలో, కృత్రిమ మేధ కేంద్రాలకు మెమరీ చిప్పులు ఎక్కువగా తరలిపోవడం వలన ర్యామ్ ధర ఒక్కసారిగా పెరిగిపోయింది. కాబట్టి పాత కాగితం పట్టుకుని వెళ్ళవద్దు. కొనే వారంలోనే ధరలు మరల రాసుకోండి.

అరుగు మీద జరిగిన సంగతి

చివరగా, ఆ మధ్యాహ్నం నేను మరచిపోలేని సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. లెక్క మధ్యలో నేను తండ్రిని అడిగాను: "పాతిక వేలకు నెలకు వడ్డీ ఎంత అవుతుంది?" ఆయన తల వంచుకుని, "అయిదు వందలండీ" అన్నాడు. ఏడాదికి ఆరు వేలు. అసలు అట్లాగే ఉంటుంది. అబ్బాయి తండ్రి ముఖం వైపు చూచాడు. కౌలు ఎంతో, మందుల కొట్టు బాకీ ఎంతో ఆ ఇంట్లో ఎప్పుడూ బిడ్డకు చెప్పలేదట. చిన్నబుచ్చుకుంటాడని తండ్రి భయం. "నాన్నా, నాకు చెప్పలేదేం?" అని అబ్బాయి అన్నాడు. మరు నిమిషంలో కలం తీసుకుని తన కాగితంలోని గ్రాఫిక్స్ కార్డును తానే కొట్టివేశాడు. మేమెవ్వరమూ చెప్పలేదు.

ఆ మరుసటి ఏడాది మిర్చి ధర పడిపోయింది. 2025 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్ మిర్చికి క్వింటాలుకు 11,781 రూపాయల లెక్కన మార్కెట్ జోక్య పథకం ప్రకటించవలసి వచ్చిందంటే పరిస్థితి మీకు తెలుస్తుంది. అప్పు తెచ్చి ఉంటే అప్పటికి పది నెలల వడ్డీ అయిదు వేలు అయి ఉండేది, అసలు తీర్చే దారి లేకుండేది. ఆ ఏడాది వారు కార్డు కొనలేదు. ఇప్పటికీ కొనలేదు. అబ్బాయి ఆ పెట్టె మీదనే కాలేజీ ప్రోగ్రాములు రాసుకుంటున్నాడు, సాయంత్రం ఒక గంట స్నేహితులతో ఆడుకుంటున్నాడు. బొమ్మ కొంచెం మసకగానే ఉంటుందట. "ఫరవాలేదండీ, గురి బాగానే తగులుతుంది" అన్నాడు నవ్వుతూ.

తలిదండ్రులారా, మీ చేతిలో ఎంత ఉన్నదో బిడ్డకు చెప్పడానికి సిగ్గుపడవద్దు. పిల్లలారా, మీకు ఏమి కావాలో, ఎందుకు కావాలో దాచకుండా చెప్పండి. కంప్యూటరు కొనేముందు ఒక తెల్ల కాగితం తీసుకుని అందరూ కలిసి కూర్చోండి. ఆ కాగితం మీద ఇద్దరి చేతిరాతా ఉండాలి.

వచ్చే నెల మరల కలుసుకుందాము.